జీపుకు పెట్టిన ముక్కు

ఖానాపూర్ పోస్టు,
3 జూలై 1989

తమ్మీ లక్ష్మీకాంతరావూ,

పద్దెనిమిది ఏండ్ల సంది గొంతుల పెట్టుకున్న మాట ఇయ్యాల రాస్తున్న. మన పెద్దవాగు మీద వంతెన రాకుండ చేసింది నువ్వు. పరాయి ఇంజనీరు చేస్తే వాని ఖర్మ అని ఊకుందును. నువ్వు నా తోడ పుట్టినోనివి. డెబ్బై ఒకటిల గొలుసులు, ఎర్ర జెండాలు పట్టుకొని వచ్చి, నాలుగు దినాలు నా ఇంట్ల తిని, మన వాగును కొలిచి, పోయి ఎనిమిది మైళ్ళ దిగువన కింది గూడెం కాడ గీత గీసినవు. వంతెన అక్కడ లేచింది. అక్కడి నుంచి మన ఊరికి దారంత నల్లరేగడి. వాన పడితే జీపు కడుపు దాక దిగుతది. ఆ వంతెన మాకు ఉన్నా లేనట్టే. వానకాలం మూడు నెలలు టపా కూడ తెప్ప మీద వస్తది, వస్తే.

ఆ ఏడు సంది నువ్వు అవ్వ తద్దినానికి రావుడు బందు పెట్టినవు. భాద్రపదంల వాగు నిండుగ ఉంటది, దాటలేను అని ఒక కార్డు వస్తది. పద్దెనిమిది కార్డులు నా ట్రంకు పెట్టెల ఉన్నయి. మాట ఒకటే, తారీఖులే వేరు. డెబ్బై రెండుల కరువు పడి వాగుల చెంబెడు నీళ్ళు లేవు, పశువులు ఇసుక నాకినయి. ఆ ఏడు గూడ నీ కార్డు వచ్చింది, వాగు నిండుగ ఉంది అని. నేను చదువు తక్కువోణ్ణి గని కండ్లు తక్కువోణ్ణి కాదు.

నువ్వు మానేరు గట్టున పిండం పెడుతున్నవు. నేను పెద్దవాగు గట్టున పెడుతున్న. అవ్వ ఏ గట్టుకు రావాలె?

ఇగ విను. ఈ ఏడు నీకు వాగు సాకు లేకుండ చేస్తున్న. మన మిలిటరీ వేలం జీపుకు ముక్కు పెట్టిస్తున్న. ఇంజను గాలి పీల్చే తావు బానెట్టు కింద ఉంటది. నీళ్ళు అక్కడి దాక వస్తే గాలికి బదులు నీళ్ళు తాగి ఆగిపోతది. పర్శరాములని ఒకడు మిలిటరీ వర్కుషాపుల పదేండ్లు చేసి వచ్చి ఖానాపూర్‌ల వెల్డింగు దుకాణం పెట్టిండు. గాలి పీల్చే తావుకు ఇనుప గొట్టం తగిలించి, ముందరి అద్దం పక్కపొంటి టాపు ఎత్తుకు లేపితే, నీళ్ళు బానెట్టు దాక వచ్చినా ఇంజను పైనుంచి ఊపిరి తీసుకుంటది అన్నడు. మిలిటరీల అట్లనే నదులు దాటుతరట.

నేను నిన్ను సలహా అడుగుతలే. గొట్టం రెండున్నర ఇంచులు సాలుతదా, మూడు కావాలెనా, అంతే రాయి. నా కాడ రెండున్నరది ఉంది. పర్శరాములు మూడు అంటుండు. ఎవరిది నెగ్గుతదో తెలుసుకునేందుకు అడుగుతున్న.

తద్దినం చవితి పోయిన ఆరో నాడు, దశమి. నువ్వు పొద్దున్నే అవతలి గట్టున నిలబడు. నేను జీపు తీసుకొని వస్త.

నాకు ఉర్దూల నాలుగు జమాతులే. తెలుగు అక్షరాలు అవ్వ చాటల బియ్యం పోసి వేలు పట్టి దిద్దించింది. ఇందుల ఏది తప్పు పోయినా అక్కడే దిద్దుకో. నాకు చెప్పకు.

వంతెన లేని ఊళ్ళె ఉండే నీ అన్న,
బాలకిషన్‌రావు

*

కరీంనగర్,
12 జూలై 1989

అన్నకు లక్ష్మీకాంతరావు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. నీ మరదలు లీలాబాయి రెండుసార్లు చదివి, "బావ రాసింది ఉత్తరం కాదు, కోర్టు నోటీసు" అంది. నేను రిటైరై ఇంట్లో కూర్చున్నప్పటి నుంచి నా ఉత్తరాలన్నీ ఆమే ముందు విప్పుతోంది. రాసేటప్పుడు అది గుర్తుపెట్టుకో.

వంతెన గురించి నేను ఏమీ రాయను. ఇన్నేళ్ళూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. అడగకు.

గొట్టం సంగతి. మూడు ఇంచులే కావాలి. పర్శరాములు పని తెలిసినవాడు. మా పుస్తకాల్లో దాన్ని స్నార్కెల్ అంటారు. వంపులు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. గొట్టం నోరు వెనక్కి తిరిగి ఉండాలి, ముందుకు ఉంటే వాన నేరుగా లోపలికి కొడుతుంది. అతుకుల్లో ఎక్కడా సూది మోపేంత సందు ఉండకూడదు. అది తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఇంజను నడుస్తుండగా గొట్టం నోటికి అరచెయ్యి అడ్డం పెట్టు. ఊపిరాడక ఇంజను ఆగిపోవాలి. ఆగకపోతే ఎక్కడో దొంగదారిన గాలి పోతోందని లెక్క. ఆ దారినే నీళ్ళు పోతాయి. పరీక్ష అయ్యాక గొట్టాన్ని ఎవరినీ ముట్టనివ్వకు.

డిస్ట్రిబ్యూటర్‌కు గ్రీజు పట్టించి రబ్బరు చుట్టు. నీళ్ళలో దిగేముందు ఫ్యాను బెల్టు వదులు చేయి, లేకపోతే రెక్కలు ఇంజను మీదికి నీళ్ళు చిమ్ముతాయి.

అన్నిటికన్నా ముఖ్యం ఇది. ముక్కు ఊపిరి కోసమే. అది బండిని నేలకు పట్టి ఉంచదు. వాగు జోరుగా ఉంటే ఇంజను బతికే ఉంటుంది, బండి మాత్రం కొట్టుకుపోతుంది. రేవు దగ్గరి బండకు జానెడు జానెడు ఎడంతో సున్నంతో గీతలు పెట్టించు. నాలుగో గీత దాటితే దిగవద్దు. నీకు అరవై ఎనిమిదేళ్ళు. ఈ మాట లీలాబాయి రాయమంది.

దశమికి రావడం గురించి తర్వాత రాస్తాను. వదినకు నమస్కారాలు.

నీ తమ్ముడు,
లక్ష్మీకాంతరావు

*

ఖానాపూర్ పోస్టు,
25 జూలై 1989

తమ్మీ,

నీ ఉత్తరం పేపర్ల అచ్చు వేసినట్టు ఉంది. ఉంటుంది, రాస్తాను అని రాస్తున్నవు. అవ్వ ఒడిల ఉన్నప్పుడు నువ్వు గిట్ల మాట్లాడకపోదువు.

వంతెన సంగతి అడగకు అంటవు. అడిగితే జవాబు ఉండదని నాకు తెలుసు. జవాబు లేనోడే అడగకు అంటడు. లీలాబాయికి నా ఆశీర్వాదం. ఆమె చదువుతున్నదని నేను మాట మింగుత అనుకోకు.

ముక్కు తయారైంది. మన మోటబావి మీది పాత ఆయిలింజను పొగగొట్టం సరిగ్గ మూడు ఇంచులు ఉంది. నేనే కొలిచిన. పర్శరాములు దానిల ఎండిన ఇసుక దట్టంగ పోసి, రెండు దిక్కుల చెక్క బిరడాలు కొట్టి, కొలిమిల ఎర్రగ కాల్చి వంచిండు. ఇసుక ఉంటే గొట్టం వంగుతది గని నలగదు. ఎంత చక్కటి వంపు అంటే నీ డిపార్టుమెంటు రోడ్లల్ల నేను అసొంటిది చూడలే. బానెట్టు పక్కకు రంధ్రం కోసేటప్పుడు మాత్రం నేను మొఖం తిప్పుకున్న. ఇరవై ఏండ్లు తుడిచిన బండి. అతుకులకు ట్రాక్టరు రబ్బరు గొట్టం, పైన సైకిలు ట్యూబు, దాని మీద తారు. పొగగొట్టాన్ని గూడ వెనక నుంచి పైకి లేపిండు.

ఊరంత వచ్చి చూసింది. శంకరవ్వ నీకు యాదికి ఉండాలె, నీ చిన్నప్పుడు నిన్ను చంకల వేసుకొని తిప్పింది. ఆమె జీపు చుట్టు తిరిగి, "దొరా, తొండం మంచిగనె పెట్టినవ్. ఇగ రెండు చెవులు గూడ పెట్టు, చవితికి గీ జీపునే మొక్కుతం" అన్నది. అందరు నవ్విన్రు. నవ్వనియ్యి. మన చుట్టాలందరు గడీలకు తాళాలు వేసి నీ కరీంనగర్‌ల మేడలు కట్టుకున్నరు. నేను ఒక్కణ్ణి పోలే. అప్పుడు గూడ నవ్విన్రు.

అరచేతి పరీక్ష చేసిన. మూడు లెక్కపెట్టంగనె ఇంజను ఆగింది. ఒకటికి నాలుగుసార్లు ఆగింది. అరచేతిల గుండ్రంగ ముద్ర పడ్డది.

సున్నం గీతలు నేను పెట్ట. నేను ఆ వాగుల ఈత నేర్చినోణ్ణి. నువ్వు గట్టు మీద కూసోని పుస్తకం చదివినోనివి. నీళ్ళ రంగు చూసి లోతు చెప్త.

ఆదివారం నాడు వాగుల దింపుత. మీ వదిన రుక్మాబాయి నాలుగు దినాల సంది దేవుని అర్ర ఇడుస్తలేదు. జీపుకు కొబ్బరికాయ కొడత, కుంకుమ పెడత, నిమ్మకాయ కడత అంటుంది. కొబ్బరికాయ వరకు సరే అన్న. ముందరికి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టుకొని పోను, నాది లారీ కాదు, ముక్కును ముట్టవద్దు అన్న.

తద్దినానికి వస్తవా లేదా, తర్వాత రాస్త అని తప్పించుకోకు.

నీ అన్న,
బాలకిషన్‌రావు

*

ఖానాపూర్ పోస్టు,
1 ఆగస్టు 1989

లక్ష్మీకాంతరావుకు,

నీ మూడు ఇంచులు నన్ను నడి వాగుల నిలబెట్టింది. సంతోషమా?

ఆదివారం పొద్దున నీళ్ళు బానెట్టు అంచు దాక ఉన్నయి. రెండు గట్ల మీద జనం. ఫ్యాను బెల్టు నువ్వు చెప్పినట్టె వదులు చేసిన. దిగిన. సగం దాక జీపు పెండ్లికొడుకు లెక్క పోయింది. పైన ముక్కు గాలి గుంజుతున్న చప్పుడు నా చెవికి వినపడుతుంది. నడిమిట్ల ఇసుక మెత్తగ ఉంటది గద, రేసు గట్టిగ తొక్కిన. తొక్కంగనె ఇంజను ఎవరో గొంతు పిసికినట్టు కక్కింది, దగ్గింది, పడిపోయింది. మళ్ళ పడతలేదు. నేను టాపు మీదికి ఎక్కి కూసున్న. పర్శరాములు ఈది వచ్చి తాడు కట్టిండు. నాలుగు జతల ఎద్దులు కట్టి గుంజిన్రు. నా జీపును. ఎద్దులతోని. శంకరవ్వ గూడ వచ్చి తాడుకు చెయ్యి వేసింది. అదే నాకు ఎక్కువ కాలింది.

పర్శరాములు ఇంజను ఆయిలు పుల్ల తీసి చూసిండు. ఆయిలు నల్లగ, మంచిగ ఉందట, నీళ్ళు చుక్క గూడ పోలేదట. ప్లగ్గులు గూడ పొడిగనె ఉన్నయట. నీళ్ళు పోకుంటే ఎందుకు ఆగింది అని అడిగిన. "దొరా, తమ్ముని లెక్క తప్పు కాదు" అంటుండు. వాడు గూడ నీ దిక్కే. మూడున్నర, నాలుగు ఇంచులు కావాలెనని నీకు తెలుసు. తెలిసి రాసినవు. నేను దాటితే నువ్వు రావలసి వస్తది గద.

మీ వదిన రెండు దినాల సంది అన్నం ముట్టుతలేదు, నాతోని మాట్లాడుతలేదు. గోడ దిక్కు మొఖం పెట్టి పండుకుంటుంది. ఊరి ముంగట మొగని పరువు పోతే ఏ ఆడిదానికైనా అట్లనె ఉంటది. దానికి గూడ నువ్వే జవాబుదారు.

ఒకసారి వంతెన తీసుకపోయినవు. ఈసారి ముక్కు తీసుకపోయినవు. ఇగ నువ్వు తద్దినానికి రావద్దు. కార్డు గూడ రాయకు. పద్దెనిమిది సాలు.

బాలకిషన్‌రావు

*

కరీంనగర్,
8 ఆగస్టు 1989

అన్నా,

రావద్దన్నావు. అయితే ఇక దాచవలసింది ఏమీ లేదు. ఈ ఉత్తరం లీలాబాయికి చూపించకుండా రాస్తున్నాను.

డెబ్బై ఒకటిలో నేను గీసిన మొదటి గీత మన ఊరిదే. పెద్దవాగు మొత్తం మీద వంతెనకు అంత మంచి చోటు లేదు. రెండు గట్ల కిందా రాయి ఉంది. మూడు దినాలు కొలిచి మురిసిపోయాను. నా ఊరికి నా చేతుల మీద వంతెన అని. కాని వంతెన ఎక్కే రోడ్డు మన దిగువ పొలంలో నుంచి రావాలి. ఎడమకు జరిపితే గుట్ట, కుడికి జరిపితే లోయ. సరిగ్గా ఆ గీత కింద అవ్వ సమాధి గద్దె ఉంది.

మూడో నాటి సాయంత్రం నువ్వు అరుగు మీద కూర్చొని సుపారి కత్తిరిస్తున్నావు. నేను వంతెన మాట ఎత్తలేదు. మాటల్లో మాటగా, అవ్వ గద్దెను కొంచెం పక్కకు జరిపి కట్టుకుంటే ఎట్లుంటుంది అన్నాను. పొలం పంపకం సంగతి అనుకున్నావో ఏమో, సుపారి కత్తెర కింద పెట్టావు. "అవ్వ గద్దె మీద గడ్డపార పడితే నా రొమ్ము మీద పడ్డట్టె. అడిగినోడు ఎవడైనా సరె, వాడు నా తమ్ముడు కాదు" అన్నావు. అవ్వ పోయి అప్పటికి మూడేళ్ళే.

మరునాడు నేను కింది గూడెం వెళ్ళి కొలవడం మొదలుపెట్టాను. ఫైలులో ఏవో కారణాలు రాశాను. అవేవీ నిజం కావని తెలిసే సంతకం పెట్టాను.

ఆ తర్వాత ప్రతి వానకాలం మన ఊరి వార్త ఏదో ఒకటి వచ్చేది. ఫలానా మనిషిని మంచం మీద పడుకోబెట్టి వాగు దాటించారని. ఫలానావాళ్ళను దాటించలేకపోయారని. ఆ గద్దె ముందు నీ పక్కన కూర్చొని నేను పిండం ఎట్లా పెట్టగలను? నువ్వు వంతెన మాట ఎత్తుతావు. నేను చెప్పకుండా ఉండలేను. చెపితే నీ మాటే ఊరికి అడ్డం పడిందని నీకు తెలుస్తుంది. వాగు నాకు సాకే. ఎండిన ఏడు కూడా నిండుగా ఉందని రాశాను. అది నిజం.

ఇప్పుడు నీ జీపు. ఆయిల్లో నీళ్ళు లేవు, ప్లగ్గులు పొడిగా ఉన్నాయి అంటే లోపలికి నీళ్ళు పోలేదు. నీళ్ళు పోకుండా ఆగిందంటే గాలి కూడా పోలేదన్నమాట. నెమ్మదిగా నడిచినంతసేపు ఊపిరి చాలింది, రేసు తొక్కగానే చాలలేదు. గొట్టంలో ఏదో అడ్డం ఉంది. అరచేతి పరీక్షకు, ఆదివారానికి నడుమ దాన్ని ఎవరో ముట్టుకున్నారు. విప్పి చూడు. నేను నీకు తప్పు లెక్క రాయలేదు. ఏ లెక్కా తప్పు రాయలేదు, ఆ ఒక్క ఫైలు తప్ప.

నీ తమ్ముడు,
లక్ష్మీకాంతరావు

*

ఖానాపూర్ పోస్టు,
21 ఆగస్టు 1989

తమ్మీ,

ముందుగాల జీపు సంగతి రాస్త. అది చిన్నది.

గొట్టం విప్పించిన. నువ్వు చెప్పినవని కాదు, కోపం కొద్ది విప్పించిన. పర్శరాములు వంపుల ఇనుప తీగ పెట్టి గుంజితే పసుపు బట్ట మూట ఒకటి వచ్చింది. మూటల నిమ్మకాయ, ఏడు మిరపకాయలు, ఇంత ఉప్పు. అందరం దాని దిక్కు చూస్తున్నం. మీ వదిన తలుపు కాడ నిలబడి కొంగు నోట్లె కుక్కుకుంది. ముందర కట్టనియ్యనంటి గద, శనివారం సందెకాడ ముక్కు నోట్లనె పెట్టి లోపటికి తోసిందట. బయటికి కనపడకుండ.

"గంత మంది సూసిన్రు. దిష్టి ఆడనే తగులుతదని ఆడ వెట్టిన" అన్నది. "నేను నిన్ను ముంచుదామని వెట్టిననా?"

నేను కోపం చేద్దామని నోరు తెరిచిన. పర్శరాములు నవ్వు ఆపుకోలేక జీపు కిందికి దూరిండు. అప్పుడు నాకు గూడ వచ్చింది. రెండు దినాల ఉపాసం నా పరువు కోసమని నీకు రాసిన. కాదట. చేసింది తానని చెప్పలేక. ఇంట్ల ఉన్న మనిషినే నేను చదువలేకపోయిన. అది రాసుకో, దాచిపెట్టుకో, ఇంకొకసారి నా నోట రాదు.

గురువారం మళ్ళ దింపిన. నిమ్మకాయ ముందరి బంపరుకే కట్టనిచ్చిన. పోయిన, తిరిగి వచ్చిన, మళ్ళ పోయిన. నడిమిట్ల రేసు తొక్కితె ముక్కు ఎద్దు బుసకొట్టినట్టు గాలి గుంజింది. నీళ్ళు మూడో గీత మీద ఉన్నయి. అవును, గీతలు పెట్టించిన. సున్నం మిగిలి ఉండె, పెట్టించిన. మూడు ఇంచులు సరిపోయింది. నువ్వు కావాలని తప్పు రాసినవు అని అంటి. ఆ మాట వెనక్కు తీసుకున్న.

ఇగ పెద్దది.

నీ ఉత్తరం ఒక్కణ్ణే పొలంల కూసోని చదివిన. రెండు దినాలు పట్టింది. ఆ మాట నేను అన్నది నిజమే. కత్తెర కింద పెట్టింది గూడ నిజమే. నేను మరిచిపోలే. గాని నువ్వు వంతెన కోసం అడుగుతున్నవని నాకు ఎవరు చెప్పిన్రు? పాలి పంచుకునేందుకు అడుగుతున్నవు అనుకున్న. కరీంనగర్‌ల ఇల్లు కట్టుకునే తొందరల ఉన్నవు, పొలం అమ్ముతవు అనుకున్న. నువ్వు నోరు తెరిచి, అన్నా, ఊరికి వంతెన, మధ్యల అవ్వ గద్దె, ఏం చేద్దాం అని ఒక్క మాట అంటివా? అనలే. నా జవాబు నువ్వే రాసుకొని, దాని కింద సంతకం పెట్టుకొని పోయినవు. పద్దెనిమిది ఏండ్లు నేను నిన్ను తిట్టుకుంట కూసున్న. నీకు అది తెలుసు. తిట్టనిచ్చినవు. నా మీద దయ చూపిస్తున్న అనుకున్నవు. నాకు ఎవని దయ అక్కర లేదు. మొదటి ఉత్తరంల రాసిన ఫిర్యాదు కొట్టేసుకో. దానికన్న పెద్దది ఇది. నువ్వు నన్ను అడుగలే.

మీ వదినకు చదివి వినిపించిన. దీపం వత్తి ఎగదోసింది. తర్వాత అన్నది, "అత్తమ్మ పుట్టిల్లు గా ఒడ్డుకే ఉండె. వానకాలం మూడు నెల్లు గీ గట్టున నిలవడి గటు సూసేది. ఆమె తల్లి సచ్చిననాడు గూడ వాగు దాటలేకపోయింది. మీరిద్దరు గద్దె గురించి గిన్ని మాటలన్నరు. ఆమె ఏమంటదని ఎవలన్న అనుకున్నరా?"

దీనికి నువ్వు జవాబు చెప్పు అని రాస్తలే. రాస్తున్న, అంతే.

గద్దె చుట్టు తుమ్మ ముండ్లు కొట్టించిన. ఏ రోడ్డుకో అని అనుకోకు. ఇద్దరు మనుషులు కూసోవాలంటే జాగ ఉండాలె గద. గద్దె కదులుతదా, కదలదా, ఇప్పుడు నేను ఏమంట అన్నది ఉత్తరంల రాయ. నువ్వు అడిగేదాక నాకు గూడ తెల్వది. దశమి నాడు గద్దె ముంగట నిలబడి, అవ్వ వినంగ, పద్దెనిమిది ఏండ్ల కింద అడుగవలసింది అడుగు. కోపం వస్తె కోపం చేస్త. అడిగినోడు తమ్ముడు కాదన్న మాట ఒకటి ఉంది గద, దాని సంగతి గూడ అక్కడనే తేలాలె.

ఈ నెల ముప్పై ఒకటి పొలాల అమావాస్య. ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగు వేసి, ఊరంత తిప్పే నాడు. జీపును గుంజిన ఆ నాలుగు జతలకు ఈసారి రంగు నేనే వేయిస్తున్న. ఎద్దులు తిరిగి ఇంటికి వచ్చే యాల్లకు నీ కార్డు నా చేతుల ఉండాలె. వస్తున్న, లేకుంటే వస్తలేను, రెండిట్ల ఒకటి. వాగు మాట అందుల ఉండవద్దు. కార్డు అందలేదు అనేందుకు గూడ లేదు. తెప్ప బందైంది, టపామనిషి ఇప్పుడు నా జీపులనె దాటుతుండు.

ముప్పై ఒకటి సందెకు కార్డు రాకుంటే, ఒకటో తారీఖు పొద్దున ముక్కు ఉన్న జీపు మీ గల్లిల ఆగుతది. అడిగేది అప్పుడు నేను అడుగుత, లీలాబాయి ముంగటనె.

గద్దె కాడ జాగ సాఫు చేయించినోడు,
నీ అన్న బాలకిషన్‌రావు